పిల్లల చేత పాక కట్టించడం ఎలా (మనం కట్టకుండా, ఫోన్ లేకుండా)

ఏప్రిల్ ఆఖర్లో బడికి సెలవులిచ్చేస్తారు, జూన్ రెండో వారం దాకా గుంటలు, అదే పిల్లలు, ఇంట్లోనే, ఎండ చూస్తే పదింటికే గుమ్మం దాటనివ్వదు, ఇంక ఫోన్ కాక ఏటుంది అని శ్రీకాకుళంలో ఏ ఇంటికెళ్ళినా ఇదే మాట. లాక్కుంటే ఏడుపు, ఇచ్చేస్తే మనకి లోపల గిల్టీ. నేనిక్కడ చెప్పేది ఫోన్ లాక్కోవడం గురించి కాదు, దాని చోట్లో పెట్టడానికి ఒక పని గురించి. పిల్లలు వాళ్ళ కోసం వాళ్ళే ఒక బుల్లి పాక కట్టుకోవడం. పెరడుంటే కర్రలూ కొబ్బరాకులూ, అద్దిల్లైతే మంచమూ దుప్పట్లూ. ఖర్చు దాదాపు ఉండదు. తేలిక కూడా కాదండోయ్, ఎందుకంటే ఇందులో పెద్దోళ్ళకి చాలా కష్టమైన పని ఒకటుంది, నోరు మూసుకుని పక్కన కూర్చోవడం.

ముందు ఎందుకో చెప్పేస్తాను, ఆ తర్వాత పనిలోకి దిగుదాం.

మన దేశంలో పిల్లల డాక్టర్ల సంఘం, అదే ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, 2021లో చెప్పింది ఏటంటే రెండేళ్ళలోపు పిల్లలకి స్క్రీన్ అసలొద్దు (దూరంగా ఉన్న వాళ్ళతో వీడియో కాల్ పర్వాలేదు), రెండు నుంచి ఐదేళ్ళ వాళ్ళకి రోజుకి గంట మించొద్దు, ఐదు నుంచి పదేళ్ళ వాళ్ళకి రెండు గంటల లోపే. సరే, బాగుంది. కానీ మిగిలిన పన్నెండు గంటలు ఏం చెయ్యాలో మాత్రం మనమే చూసుకోవాలి కదా. బొమ్మ ఇస్తే అరగంటలో మూల పడేస్తారు, ఎందుకంటే ఆ బొమ్మతో ఏం చెయ్యాలో కంపెనీ వాడు ముందే తేల్చేసాడు. అదే ఒక కర్ర, ఒక తాడు, ఒక పాత చీర ఇవ్వండి, వీటికి ఫలానా వాడకం అని ఎవరూ రాసి పెట్టలేదు, వాళ్ళే కనిపెట్టాలి. 1943లో డెన్మార్క్‌లో, కోపెన్‌హాగన్ దగ్గర ఎమ్‌డ్రుప్‌లో, కార్ల్ థియోడర్ సోరెన్‌సెన్ అనే తోటల డిజైనర్ ఆలోచనతో ఒక ఆటస్థలం పెట్టారు, అందులో ఉయ్యాల లేదు జారుడుబల్ల లేదు, చెక్కలూ ఇటుకలూ పనికిరాని సామానూ పడేసి పిల్లల్ని వదిలేసారు. పిల్లలు మంచి పార్కుల్లో కన్నా ఇళ్ళు కడుతున్న చోట, చెత్త సామాను పడేసిన చోట ఎక్కువసేపు ఆడుకుంటున్నారని ఆయన గమనించాడట. మన వీధిలో ఎవరిదైనా ఇల్లు లేస్తుంటే ఇసక కుప్ప మీద సాయంత్రం ఎవరుంటారో మనకి తెలీదా ఏంటి.

డేవిడ్ సోబెల్ అని అమెరికాలో పిల్లల చదువుల మీద పనిచేసిన ఇంకొకాయన ఇంగ్లండులో డెవన్ పల్లెల్లోనూ, ఎక్కడో కరీబియన్ సముద్రంలో కారియాకూ అనే దీవిలోనూ పిల్లల్ని చూస్తే రెండు చోట్లా ఒకే సంగతి, ఆరేడేళ్ళ నుంచి పదీ పదకొండేళ్ళ దాకా పిల్లలు తమకంటూ ఒక దాక్కునే చోటు వెతుక్కుంటారు, లేకపోతే కట్టుకుంటారు. అంటే మీ వాడు మంచం కిందకి దూరి పిలిస్తే పలక్కపోవడం రోగం కాదు. ఆ వయసులో వాళ్ళకి మన కళ్ళు పడని చోటు కావాలి, ఇంట్లో అది దొరక్క ఫోన్ లోపలికి దూరుతున్నారని నా అభిప్రాయం. ఫోన్ కూడా ఒక రకం పాకే కదా, అందులోకి మనం రాలేం. కాబట్టి ఫోన్ మాన్పించాలంటే ఇంకో చోటు ఇవ్వాలి.

ఇక పని.

చోటు ఎవరు చూడాలి

పిల్లలే. మీరు మూడు నాలుగు చోట్లు ఓకే అనండి, అందులోంచి వాళ్ళు ఎంచుకోవాలి. పల్లెలో అయితే పెరట్లో మావిడిచెట్టు కింద, పశువుల సాల గోడ పక్కన, వాడకుండా ఉన్న కళ్ళంలో. టౌన్‌లో అయితే మేడ మీద నీళ్ళ ట్యాంకు నీడన, మెట్ల కింద, బాల్కనీలో (గ్రిల్ ఉంటేనే). పిట్టగోడ పొట్టిగా ఉన్న మేడ మీదకి వద్దే వద్దు, ఎంత ఏడ్చినా సరే.

ఓకే అనేముందు మీరు చూడాల్సినవి ఉన్నాయి. పైకి చూడండి. కొబ్బరిచెట్టు కింద మాత్రం వద్దు, కాయే కాదు, ఎండు మట్ట ఊడి పడ్డా చిన్న పిల్లలకి ప్రమాదమే. కరెంటు తీగలు, సర్వీసు వైరు దగ్గర్లో ఉంటే వెదురు గడలు లేపుతారు కాబట్టి అక్కడా వద్దు. కిందకి చూడండి, చీమల పుట్టలు, గాజు పెంకులు, చెత్తకుప్ప, రాళ్ళ పోగు ఇవేవీ ఉండకూడదు, రాళ్ళ పోగు ఉందంటే పాముకి ఇల్లున్నట్టే. నూతికి, గెడ్డకి (వాగుకి) దూరంగా ఉండాలి. ఇంట్లో కూర్చున్న మీకు వాళ్ళ గొంతులు వినపడాలి, మనుషులు కనపడక్కర్లేదు. ఇది ముఖ్యం, వినపడాలి కానీ కనపడకూడదు, అప్పుడే అది వాళ్ళ చోటు అవుతుంది.

ఉద్దానం వైపు, అదే మన జిల్లాలో కొబ్బరి, జీడితోటలుండే పక్క వాళ్ళకి ఒక మాట. జీడితోటలో నీడ బాగుంటాది, కొమ్మలు కిందకే ఉంటాయి, సగం పాక అక్కడ దేవుడే కట్టి పెట్టాడు. కానీ పంట రోజుల్లో పిల్లల్ని అక్కడ పాక కట్టనివ్వొద్దు, పచ్చి జీడిపిక్కల సొన చేతికి, మూతికి అంటితే బొబ్బలెక్కి తోలు ఊడిపోద్ది, ఆ చేతులతో కళ్ళు నలుపుకుంటే ఇంక చెప్పక్కర్లేదు. పైగా పరాయి తోటైతే కాపలా తాత తిట్లు వేరే.

గాలి ఎటు నుంచి వస్తుందో పిల్లల్నే చూడమనండి, గుప్పెడు పొడి ఇసక తీసి మెల్లిగా వదిలితే తెలిసిపోద్ది. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం మూడు దాటాక ఒకసారి చూడమనండి, సముద్రం దగ్గర ఊళ్ళలో గాలి మారిపోతుంది. గుమ్మం ఎటు పెట్టాలో దాన్ని బట్టి వాళ్ళే కొట్టుకుని తేల్చుకుంటారు. మా అక్క కొడుకూ మా అమ్మాయీ గుమ్మం రోడ్డు వైపా నూతి వైపా అని ఒక పొద్దంతా వాదించుకున్నారు, పాక కట్టింది లేదు ఏం లేదు, ఆఖరికి రెండు గుమ్మాలు పెట్టారు. నాకైతే ఆ పొద్దు వేస్ట్ అనిపించలేదు. ఎదటి మనిషికి తన మాట ఒప్పించడం ఏ వీడియో గేములో నేర్పుతారు చెప్పండి.

సామాను

ఒక గోనెసంచిలోనో పాత బుట్టలోనో అన్నీ వేసి ఒక చోట పెట్టండి, లిస్టు చదివి వినిపించొద్దు, ఇది ఇందుకు అని చెప్పొద్దు. పల్లెలో: సర్వి (సరుగుడు) కర్రలో వెదురు గడలో ఐదారు (మీ పిల్ల ఎత్తుకి ఇంకో మూర పొడుగుంటే చాలు), పీచు తాడు, ఎండు కొబ్బరి మట్టలు, తాటాకులు, పాత చీరలు, గోనెసంచులు, చిరిగిన ఈతచాప. ఎవరింట్లోనైనా పెళ్ళయ్యి పందిరి విప్పుతుంటే అడగండి, విరిగిన గడలు ఊరికే ఇచ్చేస్తారు. టౌన్‌లో: ప్లాస్టిక్ కుర్చీలు, దుప్పట్లు, బట్టల క్లిప్పులు, ఫ్రిజ్జో వాషింగ్ మిషనో వచ్చిన పెద్ద అట్టపెట్టె (షాపులో అడిగితే ఇస్తారు, ముందు పిన్నులు పీకెయ్యండి), దోమతెర, తాతగారి పాత పొందూరు పంచె. ఆ పంచె గురించి ప్రత్యేకంగా చెప్తున్నాను, సన్న ఖద్దరు కాబట్టి కప్పినా లోపల గాలాడుతుంది, వెలుతురు కూడా మెత్తగా పడుతుంది, పాలిస్టర్ దుప్పటి కప్పితే మే నెలలో పది నిమిషాలకే చెమటలు కక్కుకుంటూ బయటికొచ్చేస్తారు.

నీలం ప్లాస్టిక్ పట్టా వానకి మంచిదే, ఎండకి కాదు. ఎండలో పట్టా కింద వేడి భరించలేం. తప్పదంటే పట్టా మీద కొబ్బరాకు కప్పించండి.

తాడు విషయం. చేపల పడవల దగ్గర దొరికే నున్నటి నైలాన్ తాడు కనపడ్డానికి గట్టిగా ఉంటాది గానీ పిల్లల చేతి ముడి దాని మీద జారిపోద్ది. పీచు తాడు గరుకు, పట్టు ఉంటాది, మొదటిసారి దానితోనే మొదలెట్టించండి. అర చేతులు కాస్త మండుతాయి, మండనివ్వండి.

నిలబెట్టడం

ఇక్కడే అసలు మజా. ముందు మీరు ఏమీ చూపించకుండా వదిలెయ్యండి. నేలలో కర్ర గుచ్చుతారు, పడిపోద్ది. రాయి ఆనిస్తారు, పడిపోద్ది. ఇద్దరు పట్టుకుంటే మూడోవాడు తాడు కడతాడు, వదలగానే పడిపోద్ది. "ఏటప్పా ఇది, మళ్ళీ పడిపోనాది!" అని మీ దగ్గరికి వస్తారు చూడండి, అప్పుడు ఒక్కటంటే ఒక్క సాయం చెయ్యాలి, మొత్తం కట్టి పెట్టకూడదు. ఆ ఒక్క సాయం మూడు కర్రల కట్టు.

మూడు కర్రల్ని పక్కపక్కన నేల మీద పడుకోబెట్టండి. పై కొసకి జానెడు కిందన, అంచు కర్రకి తాడు ముడెయ్యండి. అక్కడి నుంచి తాడుని ఒక కర్ర పైనుంచి, పక్క కర్ర కిందనుంచి, మళ్ళీ పైనుంచి, జడ అల్లినట్టు అటూ ఇటూ ఐదారు సార్లు తిప్పండి. మరీ బిగించొద్దు, వేలు దూరేంత వదులు ఉండాలి. తర్వాత కర్రకీ కర్రకీ మధ్య సందులో, ఇందాకటి చుట్ల మీదుగా అడ్డంగా రెండేసి చుట్లు తిప్పి లాగి ముడెయ్యండి. ఇప్పుడు కర్రలు లేపి, మధ్య కాలు ఒక పక్కకీ మిగతా రెండు కాళ్ళు ఇంకో పక్కకీ విడదీసారంటే తాడు దానంతట అదే బిగుసుకుపోద్ది. అప్పుడు కర్రలు కదిపి చూడమనండి. ఒక్కసారి చూపించి, విప్పేసి, వాళ్ళ చేతికిచ్చి అక్కణ్ణించి వచ్చెయ్యండి. విప్పెయ్యడం మర్చిపోవద్దు, విప్పకపోతే అది మీరు కట్టిందే అవుతుంది.

పెద్ద పిల్లలు, తొమ్మిది పదేళ్ళ వాళ్ళు, నాలుగు రాటలేసి చదరంగా కట్టాలంటారు, టీవీలో ఇల్లంటే అలాగే ఉంటాది కదా. కట్టనివ్వండి. చేత్తో ఒక్క తోపు తోస్తే మొత్తం పక్కకి ఒరిగిపోద్ది. అప్పుడు ఒక మూల నుంచి ఎదుటి మూలకి ఏటవాలుగా ఒక కర్ర కట్టి మళ్ళీ తొయ్యమనండి. నాలుగు పక్కల ఆకారం మూలల దగ్గర ముడుచుకుపోద్ది, మూడు పక్కల ఆకారం మాత్రం కర్ర విరిగితే తప్ప మారదు, అంతే సంగతి. ఇది ఏడో క్లాసు లెక్కల పుస్తకంలో ఉంటే కంఠస్థం చేస్తారు, ఇక్కడ వాళ్ళ చేతికే తెలుస్తాది. ఈసారి బస్సులో వెళ్ళేటప్పుడు హైవే పక్కన కరెంటు టవర్లు చూపించండి, కింద నుంచి పై దాకా ఏటవాలు ఇనప కమ్మీలే. మా వాడు ఎచ్చెర్ల నుంచి విజయనగరం దాకా అవే లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు, ఫోన్ అడగలేదు.

ఇంకా సరదా ఉన్న వాళ్ళకి గుండ్రంగా కట్టమని చెప్పండి. మన తీరం వెంబడి పాత పల్లెల్లో చుట్టిళ్ళు ఉండేవి, ఇంకా అక్కడక్కడా ఉన్నాయి, గుండ్రటి మట్టి గోడ, మీద కోసుగా తాటాకు కప్పు, చూరు బాగా కిందకి. ఊరికే అందానికి కాదు, గాలికి మూలలు దొరకవు, కొట్టుకుని పక్కనుంచి పోతుంది. ఇంట్లో నాన్నమ్మో తాతో చిన్నప్పుడు అలాంటి ఇంట్లో ఉండి ఉంటే వాళ్ళని అడగమనండి, తాతకి సాయంత్రం దాకా మాట్లాడ్డానికి పనొచ్చింది.

కప్పు

కప్పు ఎప్పుడూ కింద వరస నుంచి మొదలెట్టాలి. పిల్లలు పైనుంచి మొదలెడతారు, ఎందుకంటే పైన ఖాళీగా కనపడతాది. మీరు చెప్పొద్దు. కట్టాక ఒక చెంబుడు నీళ్ళు పైనుంచి పొయ్యమనండి, లోపల కూర్చున్న వాడు కెవ్వుమంటాడు. అప్పుడు ఎందుకిలా అయ్యింది అని అడిగితే చాలు, పై ఆకు కింద ఆకు మీదకి రావాలని వాళ్ళకే వెలిగిపోద్ది. ఈ చెంబుడు నీళ్ళ పరీక్ష మాత్రం ఎట్టి పరిస్థితిలో మానొద్దు, పిల్లలకి పాక మొత్తంలో ఇష్టమైన భాగం ఇదే.

తాటాకు వాడితే మట్ట కోసేసిన ఆకు మాత్రమే ఇవ్వండి. తాటి మట్ట అంచులకి రంపం పళ్ళుంటాయి, చెయ్యి జారిందంటే చీరేస్తాది. కత్తి పని అంతా మీదే. కొబ్బరి మట్ట మెత్తన, దాన్ని నిలువునా రెండుగా చీల్చిచ్చారంటే సగాన్ని నేల మీద పెట్టుకుని ఒక ఆకు విడిచి ఒక ఆకు పైకీ కిందకీ దూరుస్తూ తడిక అల్లొచ్చు. మొదటి తడిక వంకరటింకరగా వస్తాది, మూడోది బాగుంటాది. పచ్చాకైతే అల్లడం తేలిక, ఎండుది విరిగిపోద్ది, ఎండుదే ఉంటే కాసేపు నీళ్ళలో నానబెట్టండి. చిన్న చేతులకి ఇంతకంటే మంచి ఎక్సర్సైజ్ నాకు తెలీదు, పెన్సిల్ సరిగ్గా పట్టుకోవట్లేదని టీచరు కంప్లెయింట్ చేసే పిల్లలకి మరీను.

ఎత్తు గురించి ఒక్క రూల్: పెద్దోళ్ళు లోపలికి వెళ్ళాలంటే వంగాలి. పిల్లలు నిలబడగలిగితే చాలు. ఎత్తుగా కడితే పడేటప్పుడు దెబ్బ ఎక్కువ, పైగా మనం ఊరికే లోపలికి వెళ్ళి కూర్చుంటాం.

ఇంట్లో అయితే

విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో రెండు గదుల అద్దింట్లో ఉంటే పై కథంతా ఎందుకు చెప్పావమ్మా అంటారేమో. మీకు ఇంకా తేలిక. నాలుగు కుర్చీలు వెనక్కి తిప్పి పెట్టి దుప్పటి కప్పడం అందరికీ వచ్చు, దుప్పటి మధ్యలో బొడ్డులా దిగిపోతుందని అందరికీ తెలుసు. మధ్యలో ఏదో ఒకటి నిలబెట్టాలి, చీపురో తుడిచే కర్రో, లేకపోతే రెండు కిటికీ ఊచలకి తాడు కట్టి దాని మీద నుంచి దుప్పటి వెయ్యాలి, ఇది కూడా వాళ్ళనే కనిపెట్టనివ్వండి. దుప్పటి అంచులు జారకుండా క్లిప్పులు, పరుపు కింద దోపడం, బియ్యం డబ్బా బరువు పెట్టడం ఇలా రకరకాలుగా చేస్తారు. బరువు మాత్రం కిందే ఉండాలి, పైన దుప్పటి మీద ఏ వస్తువూ పెట్టకూడదు, తల మీద పడుతుంది. ఇనప బీరువాకి, టీవీకి, నిలువు అద్దానికి తాడు కట్టనివ్వొద్దు, లాగితే అవి కూడా వస్తాయి. టేబుల్ ఫ్యాన్ లోపలికి తీసుకెళ్ళకూడదు, కావాలంటే గుమ్మానికి బయట పెట్టి గాలి లోపలికి కొట్టించుకోవచ్చు.

మూడు నాలుగేళ్ళ బుల్లోళ్ళకి డైనింగ్ టేబుల్ మీద చీర కప్పేస్తే అదే రాజభవనం. వాళ్ళని మాత్రం చూస్తూ ఉండాలి, తాళ్ళు ఇవ్వకూడదు, చున్నీలు అసలొద్దు, మెడకి చుట్టుకుంటే ప్రమాదం.

ఇంట్లో వాళ్ళకి, ముఖ్యంగా అత్తగారికి, ఒక విషయం ముందే చెప్పి పెట్టుకోండి: ఇది రెండు మూడు రోజులు ఇలాగే ఉంటాది, సాయంత్రం దీపం పెట్టే వేళకి సర్దెయ్యమని అడగొద్దు. రోజూ విప్పించేస్తే పిల్లలు రోజూ కట్టడం మొదలెట్టే దగ్గరే ఆగిపోతారు, ఆట ముదరదు. రెండో రోజుకి లోపల అర వస్తాది, మూడో రోజుకి కొట్టు పెడతారు, పోస్టాఫీసు పెడతారు, ఒకడు డాక్టరు అవుతాడు. చుట్టాలొస్తే బాగోదు అంటే రానివ్వండి, చుట్టాల పిల్లలు కూడా అందులోకే దూరతారు.

ఫోన్ సంగతి

"ఫోన్ పెట్టేసి వెళ్ళి పాక కట్టుకో" అని మాత్రం అనొద్దు, పాక అంటేనే అసహ్యం పుడుతుంది, అది శిక్ష అయిపోద్ది. సామాను కళ్ళ ముందు పడేసి మీ పని మీరు చూసుకోండి. మొదటి పావుగంట బోర్ బోర్ అని చుట్టూ తిరుగుతారు. ఏం చెయ్యాలో చెప్పకుండా ఊరుకోవాలి, ఆ బోరు లోంచే పుడతాది ఏదైనా.

పాకలోకి ఫోన్ రాకూడదు అన్న రూల్ వాళ్ళ చేతే పెట్టించండి, గుమ్మం దగ్గర అట్టముక్క మీద రాయిస్తే ఇంకా మంచిది, ఆ రూల్ మనకి కూడా. ఫోన్ పాకలోకి ఎక్కడి నుంచి దూరుతుందో తెలుసా, టార్చి పేరు చెప్పి. "చీకటిగా ఉందమ్మా, లైటు కోసం ఒక్కసారి" అంటారు, అంతే, పది నిమిషాల తర్వాత లోపల నుంచి కార్టూన్ సౌండు. అందుకని ఒక చిన్న బ్యాటరీ టార్చి కొని పెట్టండి. కొవ్వొత్తులూ అగ్గిపెట్టెలూ దగ్గరికి రానివ్వకండి, ఎండుటాకు పాక క్షణంలో అంటుకుంటాది, దుప్పటి పాక కూడా అంతే.

రెండో దారి మనమే. పాక పూర్తవ్వగానే ఫోటో తీసి స్టేటస్ పెట్టాలని మనకే చేతులు దురద. ఒకసారి ఫోటో తీసారంటే రెండోసారి వాళ్ళు ఫోటో కోసం కడతారు, మూడోసారి రీల్ తియ్యమంటారు. చూడాలనుంటే బయట నుంచి "ఇంట్లో ఎవరండీ" అని తలుపు కొట్టండి, రమ్మంటేనే వెళ్ళండి, కాసిన్ని మురీలో పప్పుండలో పట్టుకెళ్ళండి. ఇంట్లో చోడి (రాగి) అంబలి అంటే మూతి ముడుచుకునే పిల్లలు పాకలో గ్లాసులకి గ్లాసులు తాగేస్తారు, ఎందుకో నన్నడక్కండి.

లోపల ఏం మాట్లాడుకున్నారు, ఏం ఆడారు అని ఆరాలు తియ్యొద్దు. ఇద్దరు కొట్టుకున్నా దెబ్బలు తగలనంత వరకు వెళ్ళొద్దు. ఇంగ్లీషులో రంగుల పేర్లు చెప్పు, కర్రలు ఎన్ని లెక్కపెట్టు అని పాఠం మొదలెట్టారంటే ఆట అక్కడితో సరి.

భయపడాల్సినవి, భయపడక్కర్లేనివి

మోకాలు గీసుకోవడం, వేలికి ముల్లు గుచ్చుకోవడం, పాక మీద పడడం (తేలిక కర్రలే కదా) ఇవి ఉంటాయి. పసుపో అయోడినో రాసి పంపెయ్యండి.

భయపడాల్సినవి వేరే. గడ్డికుప్పలో సొరంగం తవ్వి లోపల గది చేసుకోవాలని, ఇసక దిబ్బలో గుహ తవ్వాలని పిల్లలకి మహా సరదా. ఈ రెండూ ఒప్పుకోవద్దు. ఇసక పైనుంచి కూలితే చప్పుడు కూడా కాదు, లోపలున్న వాడికి ఊపిరి ఆడదు, తవ్వి తీసేలోపే ఆలస్యమైపోద్ది. మన తీరంలో సరుగుడు తోటల దగ్గర దిబ్బలు, నాగావళి వంశధార ఇసక గుంతలు చూసిన వాళ్ళకి చెప్పక్కర్లేదు. మోకాలు లోతు దాటి తవ్వకూడదు, తల దూర్చకూడదు.

పాములు. ఎండు మట్టల పోగు కదిపేటప్పుడు ముందు మీరు పొడుగు కర్రతో కదపండి, ఆకు దులిపి ఇవ్వండి, జెర్రులూ తేళ్ళూ కందిరీగల పట్లూ అందులోనే ఉంటాయి. రాత్రంతా ఖాళీగా ఉన్న పాకలోకి పొద్దున దూరేముందు కర్రతో తట్టి, చాప దులిపి వెళ్ళడం అలవాటు చెయ్యండి. తినే వస్తువులు రాత్రి లోపల వదలకూడదు, వాటికి ఎలకలొస్తాయి, ఎలకల కోసం పాములొస్తాయి. ఒకవేళ కరిస్తే కట్లు కట్టడం, కొయ్యడం, నోటితో లాగడం ఏమీ వద్దు, పిల్లని కదలనివ్వకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి, మంత్రం వేసేవాడి దగ్గరికి కాదు.

మే నెలలో పదకొండు నుంచి నాలుగు దాకా బయట పాక బంద్, ఇంటి పాక ఓకే. వేసవి చివర మబ్బు పట్టి ఉరిమిందంటే వెంటనే ఇంట్లోకి రావాలి, చెట్టు కింద పాక వానకి అడ్డమవుద్దేమో గానీ పిడుగుకి కాదు. దసరా సెలవుల్లో కట్టారంటే తుపాను వార్తలు వింటూ ఉండండి. 2014లో హుద్‌హుద్ విశాఖని ఎలా కుదిపేసిందో, 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు ఎలా పడ్డాయో మనం చూసాం, అలాంటి గాలికి మన పాక కర్రలే ఎగిరొచ్చి ఎవరికో తగుల్తాయి. హెచ్చరిక వచ్చిన రోజే పిల్లల్ని వెంట పెట్టుకుని విప్పేయించండి.

విప్పడం

కట్టిన వాళ్ళే విప్పాలి. మనం చీపురు పట్టుకుని ఊడ్చేస్తే రెండు రోజులు మాట్లాడరు. ఎప్పుడు విప్పాలో వాళ్ళనే అడగండి, వాళ్ళకి మనసు తీరాక అదే పాత చింతకాయపచ్చడి అయిపోద్ది, అప్పుడు విప్పమంటే ఎగిరి గంతేస్తారు, ఎందుకంటే ఇంకోటి ఇంకోలా కట్టొచ్చు. ముడులు కత్తితో కొయ్యనివ్వొద్దు, విప్పమనండి, విప్పడం కట్టడం కన్నా కష్టం.

పట్టా తడిగా మడత పెడితే బూజు పడుతుంది, ఒక పూట ఎండలో ఆరెయ్యాలి. కర్రలు నేల మీద పడుకోబెడితే చెద పట్టేస్తాది, గోడకి నిలబెట్టండి, కింద రెండు ఇటుకలు పెడితే ఇంకా మంచిది. తాడు ఉండ చుట్టి మేకుకి తగిలించండి, లేకపోతే సంక్రాంతి నాటికి ఎలకలు ముక్కలు చేసి పెడతాయి. కొబ్బరాకుల గురించి దిగులక్కర్లేదు, పొయ్యిలోకని నాన్నమ్మ ముందే అడిగేసి ఉంటాది.